మూడు పొద్దుల అక్కి

ఎముక విరిగితే పుత్తూరు, అక్కి లేస్తే మా ఇల్లు. కార్వేటినగరం చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా ఇదే చెప్పేవాళ్ళు. ఇప్పుడు అక్కి రాయమని వచ్చేవాళ్ళను నేనే తిట్టి తరుముతున్నాను. చెంగల్రాయులికి పొగరెక్కిందని ఒకడంటాడు, మతి చెడిందని ఇంకొకడంటాడు. అననీ. ఒక్కొక్కడికి విడిగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. జరిగింది ఇక్కడ ఒకసారి రాసిపడేస్తాను, ఆపైన ఎవరిష్టం వాళ్ళది.

అక్కి తెలియనివాళ్ళు అదృష్టవంతులు. ఒంటికి ఒక పక్కనే, నడుముకో ఎదకో నుదుటికో, పట్టీ చుట్టినట్టు నీటిపొక్కులు లేస్తాయి. కొన్ని ఊళ్ళలో సర్పి అంటారు. నిప్పులు పోసినట్టు మంట. దాన్ని మా కుమ్మరోళ్ళే రాయాలి. ఎర్రటి కావిరాయి అరగదీసి, కోడి ఈకతో పొక్కుల చుట్టూ గీత గీసి, పాములా పాకే ఆ పట్టీ తలకాడ ఒక సింహాన్ని, తోకకాడ ఒక సింహాన్ని వేస్తాం. తలా తోకా ఒళ్ళంతా చుట్టి కలుసుకున్నాయంటే మనిషి దక్కడని భయం. సింహాలు వాటిని కలవనివ్వవు. మూడు పొద్దులు రాయాలి, పరగడుపున. ఆ మూడు రోజులూ స్నానం లేదు, తాలింపు వాసన తగలకూడదు, ఇంగ్లీషు మాత్ర మింగకూడదు, సూది అసలే పనికిరాదు. సూది పడితే అక్కి లోపలికి తిరుగుతుందని మా నాయన చెప్పాడు. ఆయనకు వాళ్ళ నాయన చెప్పాడు.

ఆరో తరగతిలో నన్ను బడి మాన్పించి ఈక చేతికిచ్చింది మా నాయనే. లెక్కల అయ్యవారు ఇంటికొచ్చి, పిల్లవాడు బాగా చదువుతున్నాడు, పంపించమని అడిగాడు. "మీ బళ్ళో వీడు నేర్చేది ఏముండాది సామీ? వీడి చేతిలో సింహం ఉండాది" అన్నాడు మా నాయన. నేను పక్కనే నిలబడి ఛాతీ విరుచుకున్నాను. పన్నెండేళ్ళ వెధవకు అంతకంటే ఏం కావాలి?

కుండలు కొనేవాళ్ళు పోయారు. కార్తీకానికి ప్రమిదలు, వేసవికి నాలుగు కూజాలు, అంతే మా పని. కానీ అక్కి మాత్రం పోలేదు. పంచెలవాళ్ళూ ప్యాంట్లవాళ్ళూ మా ఇంటి ముందర చెప్పులు విడిచి లోపలికొచ్చేవాళ్ళు. ఒకసారి ఒక డాక్టరు తన తల్లినే తీసుకొచ్చాడు. మేం ఏమీ తీసుకోం, ఆకూ వక్కా తప్ప. తీసుకోకపోవడంలో ఉండే గర్వం మీకు తెలియదు. అది సారాయి కంటే చెడ్డది.

పోయిన ఆడి నెలలో, ఆషాఢ శ్రావణాల మధ్య, నా పెళ్ళాం లోకేశ్వరికి అక్కి లేచింది.

ఆమె మట్టి తొక్కుతోంది. కుడి రొమ్ము కింద మంటగా ఉందని ముందురోజు నుంచీ అంటోంది, చెమటకు ఒరుసుకుందేమో అన్నాను. ఆ ఉదయం కుండ దగ్గరికొచ్చి నీళ్ళు ముంచుకుని రైక మీదే పోసుకుంది. పక్కకు పిలిచి చూశాను. రొమ్ము కింద మొదలై వీపు దాకా ఎర్రగా తట్టు, దాని మీద చిన్న చిన్న పొక్కులు. నాకు భయమేమీ వేయలేదు. నిజం చెప్పాలంటే కొంచెం సంతోషం కూడా కలిగింది. ఇన్నాళ్ళూ ఊరి వాళ్ళకు రాశాను, ఇప్పుడు నా ఇంట్లోదానికి రాస్తాను, నా చెయ్యి ఎలాంటిదో చూస్తుంది అనుకున్నాను.

ఆడికృత్తిక పండక్కని ఆమె తమ్ముడు మునిశేఖర్ మా ఇంట్లోనే ఉన్నాడు. శ్రీసిటీలో ఒక ఫోన్ల ఫ్యాక్టరీలో పని. నేను కావిరాయి అరగదీస్తుంటే వచ్చి నా ముందర కూర్చున్నాడు.

"బావా, ఇది అక్కే గదా? మా లైన్లో ఒకాయనకు ఇట్లనే వచ్చింది. ఆస్పత్రికి పంపితే మాత్రలిచ్చినారు. వారం మింగినాడు. అక్కను తిరప్తికి తీసకపోదాం పా."

"ఏరా శేఖరా, ఫోన్లకు మూతలు బిగించేటోడివి డాక్టరు ఎప్పుడైనావురా?"

"నేను డాక్టరు కాదులే. నువ్వా?"

"నా గడపలోకి డాక్టరే తల్లిని ఎత్తకొచ్చినాడురా! నువ్వు సొక్కాయికి బొత్తాలు పెట్టుకోను నేర్చకముందే నేను సింహాలు రాసినా. పో, తిరుత్తణికి కావడోళ్ళు పోతా ఉండారు, పొయ్యి సూడు."

వాడు నా మాట వినలేదు. "అక్కా, నువ్వు చెప్పు. పోదామా?" అని ఆమెనే అడిగాడు.

లోకేశ్వరి వాడి వైపు చూసింది. తర్వాత నా వైపు, నా చేతిలో ఉన్న ఈక వైపు చూసింది. పోదామని ఆమె మనసులో ఉంది. అది నాకు అప్పుడే తెలిసింది. తెలియలేదని ఇప్పుడు బుకాయిస్తే నా నోరు పడిపోతుంది. ఆమె చూసింది నా పరువు. ఊరంతటికీ అక్కి రాసేవాడి పెళ్ళాం అక్కికి ఆస్పత్రికి పోతే వాడి గతేమిటని ఆలోచించింది.

"ఊరుకోరా శేఖరా. మూడు పొద్దులే గదా. కానీలే" అంది.

మూడు పొద్దులు రాశాను. నా జన్మలో అంత మంచి సింహాలు వేయలేదు. జూలు వెంట్రుక వెంట్రుకా వేశాను. పదో రోజుకు పొక్కులు ఎండి పెచ్చులు రాలిపోయాయి. మునిశేఖర్‌కు నేనే ఫోన్ చేసి, "ఏమప్పా డాక్టరూ, మీ అక్క వొళ్ళు సూసిపోదువు రా, నూనె రాసినట్టు నున్నగా ఉండాది" అని ఎగతాళి చేశాను.

పొక్కులు పోయాయి కానీ మంట పోలేదు.

నెలైనా పోలేదు. రెండు నెలలైనా పోలేదు. చర్మం మీద ఏమీ లేదు, నాలుగు తెల్లటి మచ్చలు తప్ప. కానీ రైక తగిలితే అరుస్తుంది. పైట కొంగు జారితే పళ్ళు కరుచుకుంటుంది. ఫ్యాను గాలి తగలకూడదు. గోడకు ఆనుకుని కూర్చోలేదు. నా పాత చొక్కా ఒకటి వదులుగా తొడుక్కుని, దాన్ని కూడా రెండు వేళ్ళతో ఒంటికి దూరంగా పట్టుకుని తిరిగేది. ఏం తగలకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఉన్నట్టుండి సూదితో పొడిచినట్టు ఎగిరిపడేది.

నాకు కోపమొచ్చేది. అక్కి పోయింది కదా, ఇంకా ఏం మంట? చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పక్కింటివాళ్ళు రాసేటప్పుడు మైల కలిసిందేమో అన్నారు. ఒకామె, తిరుచానూరులో ముడుపు మరిచిపోయారేమో చూసుకోండి అంది. నేను అందరి మీదా అరిచాను. అందరికంటే ఎక్కువ లోకేశ్వరి మీద అరిచాను. మట్టి తొక్కడం తప్పించుకోవడానికి నాటకాలాడుతున్నావని అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నాతో సమానంగా మట్టి తొక్కిన మనిషిని ఆ మాట అన్నాను.

కార్తీకం ముందర ప్రమిదల పని మీద ఉన్నాం. పచ్చి ప్రమిదలు పేర్చిన పలకను ఆమె ఎండలోకి మోసుకుపోతోంది. దారికి అడ్డంగా ఉందని నేను వెనకనుంచి చెయ్యి వేసి పక్కకు జరిపాను. గట్టిగా కూడా కాదు. వీపు మీద చెయ్యి ఆనింది, అంతే. ఆమె గొంతు చీల్చుకుని అరిచింది. పలక జారి రెండు రోజుల పని నేలపాలైంది.

"ఏమ్మే, సెయ్యి తగిల్తే సస్తావా? ఎన్నాళ్ళు నడిపిస్తావు ఈ నాటకం? అక్కి పొయ్యి మూడు నెల్లాయె!"

ఆమె చితికిన ప్రమిదల మధ్య గొంతుక్కూర్చుంది. ఏడవలేదు. నన్ను చూసి నెమ్మదిగా చెప్పింది.

"అక్కి పొయ్యింది. నీ సింహాలు పోలేదు. ఇంకా కరస్తానే ఉండాయి."

చితికిన ప్రమిదలు నేనే ఏరి మళ్ళీ మట్టిలో కలిపాను. మర్నాడు నేనే మునిశేఖర్‌కు ఫోన్ చేశాను. వాడు ఏదైనా ఎగతాళి చేసుంటే బాగుండేది. "రేపు లీవు పెడతా బావా" అన్నాడు, అంతే.

తిరుపతిలో పెద్దాసుపత్రి. నరాల విభాగం ముందర జనం. నేను దారంతా గొణుగుతూనే ఉన్నాను. బస్సు ఆలస్యమని, చీటీల వరుస పొడుగని, నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయని. లోకేశ్వరి ఎవరూ తగలకుండా స్తంభం పక్కన ఒదిగి నిలుచుంది. మునిశేఖర్ రెండు చేతులూ చాచి జనాన్ని ఆమె మీద పడకుండా కాపలా కాశాడు. ఆ పని నేను చేయాల్సింది.

డాక్టరు పేరు కృపామణి. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. లోకేశ్వరిని తెర వెనక్కి తీసుకుపోయి, నన్నూ రమ్మంది. చిన్న దూదిపింజ తీసుకుని వీపు మీద ఆడించింది. లోకేశ్వరి మంచం మీద నుంచి ఎగిరి లేచింది. అదే చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే మాత్రం ఓర్చుకుంది.

నాకు ఆగలేదు. "మేడం, నొక్కితే ఊరికే ఉండాది, దూదికి అరస్తాది. ఇదేమి యవ్వారమో మీరే చెప్పండి."

"అదే ఈ జబ్బు గుర్తు. నాటకమాడేవాళ్ళకు ఇది తెలియదు. గట్టిగా నొక్కినప్పుడే అరుస్తారు" అంది ఆమె నా వైపు చూడకుండా. తర్వాత మమ్మల్ని బల్ల ముందర కూర్చోబెట్టి లోకేశ్వరినే అడిగింది. "పొక్కులు వచ్చినప్పుడు ఎక్కడ చూపించారమ్మా?"

"యాడా లేదు. అక్కి రాయించినాము."

"ఎన్ని రోజులు?"

"మూడు పొద్దులు."

డాక్టరు పెన్ను బల్ల మీద పడేసింది. "మూడు రోజులు! మందు బాగా పనిచేసేది ఆ మూడు రోజులేనమ్మా. పొక్కు లేచిన డెబ్బై రెండు గంటల్లో మాత్ర మొదలుపెడితే ఈ జబ్బు తెచ్చే పురుగు పెరగకుండా చాలావరకు ఆపగలం. సరిగ్గా ఆ మూడు రోజులూ మాత్ర మింగొద్దని చెప్పి, రంగు పూసి కూర్చోబెడతారు. ఎవడు రాశాడు? ఎవడా బుద్ధిలేనివాడు?"

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. గోళ్ళ సందుల్లో మట్టి ఉంది. పిడికిళ్ళు మూసుకున్నాను.

"ఎవురో తమిళాయన మేడం. తిరుత్తణి పక్క" అంది నా పెళ్ళాం. చీమ కుట్టినట్టు కూడా లేకుండా చెప్పింది. మునిశేఖర్ గుమ్మం దగ్గర తల తిప్పుకున్నాడు.

నేను నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. దానికి బదులు వాదానికి దిగాను. "అదేంది మేడం, రాసినాక పొక్కులు ఎండిపొయ్యినాయి గదా? పది రోజుల్లో మానిపొయ్యింది."

"రాసినా, రాయకపోయినా మామూలుగా పదిరోజులకు ఎండిపోతాయి. దానంతట అదే."

నలభై ఏళ్ళు. మా నాయనవి యాభై ఏళ్ళు. వాళ్ళ నాయనవి ఎన్నో. దానంతట అదే. ఆమె చెంప మీద కొట్టుంటే కూడా అంత మండేది కాదు. లేచి ఆ బల్ల తన్నేసి పోదామనిపించింది. కానీ లోకేశ్వరి అడిగిన మాట నన్ను కూర్చోబెట్టింది.

"చర్మం బాగుండాది గదా మేడం. మరి ఈ మంట యాడ ఉండాది?"

డాక్టరు గొంతు తగ్గించింది. కాగితం తీసుకుని పొడుగ్గా ఒక గీత గీసింది.

"చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా? ఆ పురుగు పోలేదు. వెన్ను పక్కన నరాల మొదట్లో ఇన్నేళ్ళూ పడుకుంది. వయసు పెరిగి ఒంట్లో కాపలా తగ్గాక లేచి ఒక నరం వెంబడి వచ్చింది. అందుకే ఒక పక్కనే పట్టీలా వస్తుంది. ఇప్పుడు చూడు, ఈ గీత నరం అనుకో. దీని పొడుగునా కంటికి కనిపించని తలుపులుంటాయి. మేం అయాన్ చానల్స్ అంటాం. ఏదైనా తగిలితే తలుపు తెరుచుకుని ఉప్పు లోపలికొస్తుంది. మన ఒంట్లో ఉండే ఉప్పే. అది వస్తేనే నరం పైకి కబురు పంపుతుంది. ఆ వెంటనే తలుపు మూసుకోవాలి. ఈ పురుగు లేచినప్పుడు నరాన్ని పాడుచేసింది. తలుపులు కొన్ని సరిగ్గా మూతపడటం లేదు, కొన్ని ఉండకూడని చోట ఎక్కువయ్యాయి. దూది తగిలినా తెరుచుకుంటాయి. గాలికి తెరుచుకుంటాయి. ఒక్కోసారి ఏమీ తగలకుండానే తెరుచుకుంటాయి. చర్మం మీద నిప్పు లేదు. నరం మాత్రం నిప్పు నిప్పు అని అరుస్తూనే ఉంది."

ఆ మాటలు నాకు అర్థమయ్యాయి. అర్థం కాకపోయినా బాగుండేది. "చవుడు" అన్నాను.

"ఏంటి?"

"మట్టిలో చవుడు కలిసిందంటే కుండ సారె మీద బాగుంటాది మేడం. కాల్చినాక కూడా బాగుంటాది. నీళ్ళు పోసిన కొన్నాళ్ళకు లోపలున్న ఉప్పు పైకొచ్చి పెచ్చులు లేస్తాది. దాన్ని ఏమీ చేయలేము. కుండ పారేయాల్సిందే."

ఆమె మొదటిసారి నా ముఖం చూసింది. "మనిషిని పారేయలేం కదా. తలుపులు కొన్ని మూయించడానికి చూస్తాం. ఉప్పుకు ఒక రకం తలుపు, సున్నానికి, అదే కాల్షియంకు, ఇంకో రకం. ఈ గొట్టం మాత్ర సున్నం తలుపుల మీద పనిచేస్తుంది. ఈ పట్టీ చర్మం మీద అంటించుకుంటే ఉప్పు తలుపులను తిమ్మిరెక్కిస్తుంది."

"పూర్తిగా పోతాదా?"

"చెప్పలేను. కొందరికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. కొందరికి ఏళ్ళు ఉంటుంది."

"ఆ మూడు రోజుల్లో వచ్చుంటే?"

"అప్పుడు కూడా రాదని ఖాయంగా చెప్పలేను. పొక్కులు త్వరగా మానేవి, మంట ఇంతగా ఉండకపోయేదేమో. ఆ అవకాశమన్నా ఉండేది" అంది. చీటీ రాస్తూ, "ఆ తమిళాయన కనిపిస్తే చెప్పు, ఇంకొకరి బతుకు ఇలా చేయొద్దని" అంది. చెబుతానన్నట్టు తలూపాను. నా తల మీద నాకే అసహ్యం వేసింది.

తిరుగు బస్సులో మునిశేఖర్ ముందు సీట్లో కూర్చున్నాడు. లోకేశ్వరి సీటుకు ఆనుకోకుండా ముందుకు వంగి, ఎదుటి కమ్మీ పట్టుకుంది. వడమాలపేట దాటేదాకా ఊరుకున్నాను.

"అబద్ధం ఎందుకు చెప్పినావు?"

"నిన్ను నలుగురి ముందర తిట్టించాల్నా?"

"తిట్టనీలే! నీకెందుకు? నేను అడిగినానా నన్ను కాపాడమని?"

"నిన్ను గాదయ్యో కాపాడింది" అంది, కిటికీలోకి చూస్తూ. "నేను మళ్ళా ఆ ఇంటికే పొయ్యి నీతోనే బతకల్ల గదా. ఆడ నువ్వు తల దించుకుంటే, ఈడికొచ్చి ఆ కోపం ఎవురి మీద తీరస్తావు?"

ఇరవై ఎనిమిదేళ్ళు నాతో ఉన్నది, నన్ను అంత బాగా చదివింది.

మాత్రలకు మొదట్లో తల తిరిగేది, తూగేది. మూడు వారాలకు మంట రూపాయిలో ఆరణాలు తగ్గిందంది. రైక ఇంకా తొడుక్కోలేదు. మట్టి నేనే తొక్కాను. ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పలేదు. కావి గిన్నె అటక మీద పెట్టేసి, ఎవరైనా వస్తే ఊళ్ళో లేనని చెప్పించాను. మొగతనం లేని పని. తెలుసు.

కానీ హజరత్ వలికి అలా చెప్పించడానికి వీలు కాలేదు. బస్టాండు దగ్గర టైలరు వాడు. మార్గశిరంలో ఒకనాడు తెల్లవారుతూనే తల్లి జైనబ్ బీని తీసుకుని నేరుగా వాకిట్లోకే వచ్చాడు. నేను సారె ముందర ఉన్నాను.

"చెంగల్రాయన్నా, అమ్మకు నిన్న పొద్దున లేసింది. నడుముకు. ఏమీ తిన్లేదు, పరగడుపునే తెచ్చినా. రాయి."

ముసలామె పైట తొలగించి చూపించింది. ఎడమ నడుముకు ఎర్రటి తట్టు, తొలి పొక్కులు. నిన్న పొద్దున. అంటే ఒక రోజు పోయింది, రెండు ఉన్నాయి. గుమ్మంలో లోకేశ్వరి వచ్చి నిలుచుంది, నా చొక్కా వేళ్ళతో దూరంగా పట్టుకుని. నన్నే చూస్తోంది.

"నేను రాయను వలీ. తిరప్తికి ఆస్పత్రికి తీసకపో. ఇప్పుడే."

"ఎందుకు రాయవు?"

"రాయనంటే రాయను. పో."

వాడి ముఖం మారింది. "మీ నాయన మా అబ్బాకు రాసినాడు. మా నానీకి రాసినాడు. నీ కొడుకు పెండ్లికి సొక్కాయిలు కుట్టింది నేను. సాయిబుల వొంటి మీద సింహం రాయకూడదని ఈమద్దెన ఎవురన్నా చెప్పినారా అన్నా? చెప్పినారంటే చెప్పు. పొయ్యేస్తాము."

"ఓరి నీ నోట్లో మన్ను బడ! ఏం మాట రా అది?" సారె మీద నుంచి లేచాను. వాడి మీద కోపం, ఆ ముసలామె నడుము మీద కోపం, గుమ్మంలో మాట్లాడకుండా నిలుచున్న దాని మీద కోపం. "రాయనిది ఎందుకో తెలుసునా? ఆమెను సూడు! నా పెండ్లాము. ఆడి నెల్లో లేస్తే నేనే రాసినా, ఈ సేత్తోనే! ఆస్పత్రికి పోదామన్నోడిని తరిమినా. ఐదు నెల్లాయె. రైక తొడుక్కోలేకుండా ఉండాది. వొంటికి గాలి తగిలితే అరస్తాది. నా సింహాలు తినేసినాయిరా నా పెండ్లాన్ని! ఇప్పుడు మీ అమ్మను గూడా తినిపించమంటావా?"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. విననీ అనుకున్నాను. హజరత్ వలి లోకేశ్వరిని చూశాడు. ఆమె తలూపింది.

వాడు మెత్తబడ్డాడు. ముసలామె మెత్తబడలేదు. "ఆమెది ఆమెకు, నాది నాకు. రాయకుండా కదిలేది లేదు. దోవలో తలా తోకా కలిస్తే నా కొడుక్కు ఎవురు దిక్కు?" అని అరుగు మీద చతికిలబడింది.

"జైనబమ్మా, నా మాట ఇను."

"నువ్వు మీ నాయన మాట ఇనినావా? ఆయన రాయమంటే నువ్వు రాయనంటావు. ఇంగ నేనెందుకు ఇనల్ల నీ మాట?"

డెబ్బై ఏళ్ళ మనిషితో ఎంతసేపు వాదించినా గోడకు చెప్పినట్టే. పొద్దెక్కుతోంది. అటక మీది గిన్నె, ఈక తీసి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను.

"సరే. రాస్తా. ఈడ గాదు. ఆస్పత్రిలో మొదటి మాత్ర నీ గొంతులో దిగినాక, ఆ వరండాలోనే రాస్తా. ఒట్టు. దోవలో తలా తోకా కలిసేటట్టుంటే నేను పక్కనే ఉంటా గదా, బస్సులోనే రాస్తా. లెయ్యి."

ఆ షరతు మీద లేచింది.

నాకు తెలిసిన డాక్టరు కృపామణి ఒక్కతే, ఆమె గదికే పంపాను. చూసింది, మాత్రలు రాసింది, రోజుకు ఎన్నిసార్లో హజరత్ వలికి చెప్పింది. నేను బయటే ఉండిపోయాను. జైనబ్ బీ పరగడుపు నియమం వదిలి ఇడ్లీ తిని, కుళాయి దగ్గర మాత్ర వేసుకుని, నోరు తెరిచి నాకు చూపించింది. "మింగినా. రాయి ఇంక."

వరండా మూలన కూర్చోబెట్టి కావి కలిపాను. ఈక ముంచాను. అప్పుడే డాక్టరు గదిలోనుంచి బయటికొచ్చింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్ అక్కడ?" దగ్గరికొచ్చి నన్ను గుర్తుపట్టింది. "నువ్వు... ఆ లోకేశ్వరి భర్తవి కదా? ఎవరో తమిళాయన రాశాడన్నారు?"

"తమిళాయన లేడు మేడం. నేనే. మీరు ఆ పొద్దు బుద్ధిలేనోడన్నది నన్నే."

ఆమె తిట్టింది. జనం గుమికూడేటట్టు తిట్టింది. నేను తల దించుకోలేదు, ఎదురు చెప్పలేదు. ఈక పట్టుకుని నిలబడి అంతా విన్నాను. ఒక్కో మాటా న్యాయమే. న్యాయమైన తిట్టు మరీ మండుతుంది. చివరికి ఆమె జైనబ్ బీ ఒళ్ళో ఉన్న మాత్రల అట్ట చూసింది. ఒకటి ఖాళీగా ఉంది.

"ఈమెను తీసుకొచ్చింది నువ్వా?"

"రాయకుండా రానన్నాది మేడం. మాత్ర మింగినాక రాస్తానని ఒట్టు పెట్టినా."

ఆమె అట్ట తీసి చూసి మళ్ళీ ముసలామె ఒళ్ళో పెట్టింది. "పొక్కుల మీద చుక్క కూడా పడకూడదు. చీము పడుతుంది. దూరంగా గీసుకో" అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "ఇంకెవరొచ్చినా ముందు ఇక్కడికి."

"ఏమంటాదప్పా ఆ పిల్ల?" అంది జైనబ్ బీ.

"దూరంగా రాయమన్నాది."

"రాయి మరి. ఎంతసేపు పైట పట్టుకోని కూసోవాల?"

జానెడు దూరంలో రెండు సింహాలు వేశాను. ఒకటి పిల్లిలా వచ్చింది.

ఇల్లు చేరేసరికి లోకేశ్వరి గోడకు దూరంగా పీట మీద కూర్చుని ఉంది. పట్టీ అంటించుకున్నట్టుంది, చొక్కా వదిలేసి రెండు చేతులతో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"చెప్పినావా?" అంది.

"చెప్పినా."

"తిట్టిందా?"

"తిట్టింది."

"ఏమని?"

చెప్పాను. బుద్ధిలేదందని, సిగ్గులేదందని, పెళ్ళాంతో అబద్ధమాడించిన మొగోడివని అందని, ఆరో తరగతితో ఆపేసిన చదువు ఇలాగే ఉంటుందని అనబోయి ఆగిపోయిందని. అక్కడ లోకేశ్వరికి నవ్వొచ్చింది. నవ్వితే పక్కలో లాగింది కాబోలు, కళ్ళు మూసుకుని పళ్ళు కరుచుకుని అది దాటిపోయేదాకా ఆగింది. నేను చూస్తూ నిలుచున్నాను. చూడటం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు. నా కోపం ఈ జన్మకు పోయేది కాదు.

ఆమె కళ్ళు తెరిచి, చిక్కుడుకాయల చేట నా ముందుకు తోసింది.

"కూసో. మొదట్నించీ చెప్పు. ఒక్క మాట వదలొద్దు."

కూర్చుని మొదటినుంచీ చెప్పాను.